షీలో వచ్చేదాకా

ఆ చలికాలం వచ్చేసరికి జవులున్ ఇంట్లో తద్దినం పెట్టడానికి చచ్చిపోయినవాళ్ళు మిగల్లేదు.

తండ్రిది అయిపోయింది, తల్లిది అయిపోయింది, పెళ్ళి కాకుండా పోయిన మేనత్తది రెండుసార్లు అయింది. ఆ రోజుల్లో సమర్కందులో నలుగురు యూదులు ఒక గదిలో తలుపు మూసుకుని కూర్చోవాలంటే పైకి చెప్పుకోవడానికి ఏదో ఒక కారణం ఉండాలి. పోయినవాళ్ళ పేరు చెప్పి పలావు తింటే సర్కారు చూసీ చూడనట్టు ఊరుకునేది. మా ధర్మగ్రంథం తోరా చదువుకుంటే ఊరుకునేది కాదు. అందుకని మా పేటలో, మంగలి జవులున్ ఇంట్లో, ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక తద్దినం జరిగేది. ఉడికించిన గుడ్లు, కిస్‌మిస్, పెద్ద రొట్టె ముందు పెట్టుకునేవాళ్ళు. రొట్టె మీద కప్పిన గుడ్డ కింద పుస్తకం ఉండేది. ఆ వారం చదవాల్సిన భాగాన్ని ఒక్కొక్క హీబ్రూ మాటా విప్పుకుంటూ చదివేవాళ్ళు.

"ఈ ఆదివారం ఎవరు పోయారు?" అని జవులున్ భార్య బులోర్ బియ్యం ఏరుతూ అడిగేది.

"మా తాత తమ్ముడు."

"ఆయన్ని దానిమ్మపళ్ళప్పుడే చంపాంగా!"

"అయితే ఆయన పెళ్ళాం."

"ఆవిడ బతికే ఉందయ్యా, కాగాన్‌లో."

"ఉంటే ఉందిలే. దూరంగానే ఉందిగా."

నవ్వుకునేవాళ్ళు. కాని బులోర్ నవ్వు నవ్వే గాని, వీధి తలుపు గడియ వేశారా లేదా అని ఆమె చెవి ఎప్పుడూ అటే ఉండేది. మగవాళ్ళు చదువుకుంటుంటే ఆమె వంటింటి తెర వెనకాల నిలబడేది. పాఠం వినడానికని కాదు, వీధిలో అడుగుల చప్పుడు వినడానికి. విని విని పాఠం కూడా చెవిన పడిపోయింది.

వచ్చేది నలుగురే. చదువు చెప్పేది హిజ్కియో గురువుగారు. కళ్ళకి పొరలు కమ్మాయి, పుస్తకం ఆయనకి అక్కర్లేదు. రెండోవాడు జవులున్. మూడోవాడు జవులున్ తమ్ముడు ఆమ్నున్, ఫొటో స్టూడియోలో పని. బులోర్ ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. తల్లి లేని పిల్లాడు. స్నానం చేయించడం, అన్నం పెట్టడం, చెంప మీద ఒకటి వేయడం అన్నీ బులోరే చేసింది. ఇప్పుడు వాడికి పెళ్ళయింది, భార్య ఇస్తామ్ నిండు చూలాలు, అదే వాకిట్లో ఇంకో గదిలో కాపురం. ఎంత ఎదిగినా వాడి నాలికకి 'ష' మాత్రం రాలేదు. అంతా 'స'యే.

నాలుగోవాడు గుర్విట్స్. యుద్ధం రైళ్ళలో పడమటి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. రైల్వే బడిలో లెక్కల మాస్టారు. పొడుగు మనిషి, కోటు గుండీలు ఎప్పుడూ తప్పు కన్నాల్లో పెట్టుకునేవాడు. ఆ శరదృతువులోనే చేరాడు. ఆయనంటేనే బులోర్‌కి భయం.

ఆ ఆదివారం చదివింది యాకోబు చనిపోయే భాగం.

"ఈ భాగానికి ఒక విచిత్రం ఉంది," అన్నారు గురువుగారు. "తోలు చుట్టలో రాసేటప్పుడు ఒక భాగానికీ ఇంకో భాగానికీ నడుమ ఖాళీ వదుల్తారు. దీనికి వదలరు. ముందు దానికి అతికించేస్తారు. మూసిన భాగం అంటారు దీన్ని. ఎందుకంటే, యాకోబు చనిపోతూ కొడుకుల్ని పిలిచి కడపటి రోజుల సంగతి చెప్పబోయాడు. నోరు తెరిచాడు. అంతే, లోపలి చూపు మూసుకుపోయింది. వేరే మాటలు చెప్పి ఊరుకున్నాడు."

"పూర్తిగా మూసుకుపోలేదు గురువుగారూ," అన్నాడు గుర్విట్స్. "ఒక సందు మిగిలింది. కొడుకు యూదాని దీవిస్తూ, 'రాజ్యం నీ వంశం దాటిపోదు, షీలో వచ్చేదాకా' అన్నాడు కదా. షీలో ఎవరు?"

"ఆ మాటని రెండుగా విరిస్తే 'అతనికి కానుక' అని వస్తుంది. ఒక అక్షరం వేరుగా చదివితే 'అతనిది' అని వస్తుంది. రాజ్యం ఎవరిదో అతను. ఎట్లా చదివినా పెద్దలు చెప్పింది, మనల్ని విడిపించడానికి రాబోయే మెస్సీయ అనే."

"హీబ్రూలో ఒక్కో అక్షరానికీ ఒక అంకె ఉంది కదా, కూడి చూడండి." గుర్విట్స్ గొంతు లేచింది. "యావో షీలో, 'షీలో వస్తాడు'. మూడు వందల యాభై ఎనిమిది. మాషీయఖ్ అని రాసి కూడండి, మెస్సీయ. అదీ అంతే! అంటే లెక్క ఉంది. లెక్క ఉంటే తేదీ కూడా ఉంటుంది."

"నాఖాష్ అని కూడా కూడి చూడు నాయనా. అదీ అంతే."

"అంటే ఏంటి?" అన్నాడు ఆమ్నున్.

"పాము."

తెర వెనక బులోర్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"పాముకీ మెస్సీయకీ ఒకటే లెక్క," అన్నారు గురువుగారు మెల్లగా. "కూడికలతో మనిషిని గుర్తుపట్టలేం. అందుకే తేదీ అడక్కు."

"నాకు తేదీ కావాలి," అన్నాడు గుర్విట్స్. "నా భార్యనీ ఇద్దరు ఆడపిల్లల్నీ ఒకే గోతిలో పూడ్చారు. ఎన్నాళ్ళని ఎదురు చూడను? నాతో కలిసి ఎదురు చూసేవాళ్ళు ఎవరున్నారు?"

ఆ మాట బరువు తీసెయ్యడానికో ఏమో, ఆమ్నున్ గుడ్డు ఒలుస్తూ అన్నాడు: "అయితే సీలో వచ్చేదాకా మనం ఇట్లా గుడ్లు తింటూ కూర్చోవడమేనా?"

"సీ కాదురా గాడిదా, షీ. నాలిక మడవరా. ఇట్లా పిలిచావంటే ఆయన మన ఇల్లు దాటి పక్కింటికి పోతాడు," అన్నాడు జవులున్.

గుర్విట్స్ కూడా నవ్వాడు.

అందరూ వెళ్ళాక బులోర్ భర్తని పట్టుకుంది. "ఆ మాస్టారుని మానిపించు."

"ఎందుకే?"

"తేదీలు అడుగుతున్నాడు. తేదీలు, లెక్కలు, ఎవరు ఏమిటన్నదీ ఎవరికి కావాలి? సర్కారు వాళ్ళకి కావాలి. పాము అని గురువుగారు ఊరికే అన్నారా?"

"ఆయన బాధ ఆయనది. అట్లాంటి మనిషిని వాకిట్లోంచి ఎట్లా వెళ్ళగొట్టమంటావు?"

"మనందర్నీ వాకిట్లోంచి ఎత్తుకుపోతే అప్పుడు తెలుస్తుంది."

మంగళవారం పొద్దున్న బులోర్ పనిచేసే టోపీలు కుట్టే సంఘానికి మామూలు బట్టల్లో ఒకతను వచ్చాడు. చిన్న సంగతి మాట్లాడాలి, కోటు వేసుకుని రమ్మన్నాడు. తోటి ఆడవాళ్ళు ఒక్కరూ తలెత్తలేదు. సూదులు మాత్రం ఆగిపోయాయి.

మగవాణ్ణి పిలిస్తే మిగతా మగవాళ్ళు జాగ్రత్తపడతారు, ఆడదైతే బెదిరిపోయి కక్కేస్తుందని వాళ్ళ లెక్క కాబోలు. రహస్య పోలీసుల తెల్లటి భవనంలో ఆమెని బల్ల ముందు కూర్చోబెట్టి చాలాసేపు ఎవరూ రాలేదు. పొయ్యి వెచ్చగా మండుతోంది. అయినా ఆమె కోటు విప్పలేదు.

వచ్చిన ఆఫీసరు కుర్రవాడే. మర్యాదగా ఉన్నాడు. గ్లాసుతో నీళ్ళు ముందుకి జరిపాడు.

"మీ ఇంట్లో చాలా తద్దినాలు జరుగుతాయటగా అమ్మా."

"మా వంశం పెద్దదయ్యా. చాలామంది పోయారు."

"పోనీలే. చచ్చినవాళ్ళ గొడవ నాకెందుకు, వచ్చేవాళ్ళ సంగతి చెప్పు." అతను ముందుకి వంగాడు. "సీలో ఎవరు?"

బులోర్‌కి వినపడింది. అయినా వినపడనట్టే అనిపించింది.

"సీలో వచ్చేదాకా ఆగాలని మొన్న మీ ఇంట్లో మాట్లాడుకున్నారు. ఈ సీలో ఎక్కడి నుంచి వస్తున్నాడు? సరిహద్దు అవతలి నుంచా? ఎప్పుడొస్తాడు?"

సీలో.

గురువుగారి నోట అది సీలో కాదు. మాస్టారి నోట కాదు. ఆయన పడమటి యాసలో 'షీలోయ్' అని సాగదీస్తాడు. తన భర్త నోట కాదు. ఆ మాటని అట్లా పలికే నాలిక లోకంలో ఒక్కటే ఉంది. ఆ నాలికకి 'ష' నేర్పాలని ఎండు ఆప్రికాట్ పండు చూపించి ఊరించి, ఊరించి, చివరికి విసుగొచ్చి పండు ఇచ్చేసింది తనే.

పొద్దున్నుంచీ పట్టిన వణుకు ఆ క్షణంలో ఆగిపోయిందని, దానికే ఎక్కువ భయమేసిందని తర్వాత ఎప్పుడో మా అమ్మతో చెప్పిందిట.

"ఏమ్మా, నిన్నే."

ఏం చెప్పాలో తెలియకుండానే నోరు తెరిచింది. "వస్తాడు కాదయ్యా. వస్తుంది. మేత."

"ఏం మేత?"

"పశువుల మేతయ్యా. గోతిలో తొక్కి పులియబెడతారే, పొలం వాళ్ళు. మీ భాషలో..."

"సీలస్?"

"అదే. మేం చివర తినేస్తాం. మాకో ఆవుంది. పాలు ఎగ్గొట్టింది. జాంబయ్ దగ్గర సమష్టి పొలంలో మావారి చుట్టం ఉన్నాడు, నాలుగు గంపలు తెస్తానన్నాడు. అది వచ్చేదాకా పాలు లేవు, టీ ఇట్లాగే తాగండి అని మావారు అన్నారు. దానికి గూఢచారులెందుకయ్యా?"

ఆఫీసరు ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె అతని చొక్కా గుండీ మీద చూపు నిలిపింది. అతను నవ్వబోయి ఆపుకున్నట్టు కనిపించింది. అదీ నమ్మడానికి లేదు.

"సర్కారు మేత దొంగతనంగా తెచ్చుకుంటున్నారన్నమాట."

"తప్పేనయ్యా."

"ఆ లెక్కల మాస్టారు ఏం లెక్కలు కడుతున్నాడు?" గొంతు మారలేదు. "చూడమ్మా, మీరంతా అమాయకులు. అతను బయటివాడు. ఈ మాటలన్నీ అతనివేనని ఒక్కమాట చెప్పు. ఇంటికెళ్ళి ఆవుని చూసుకో."

రెండు రోజుల కిందట అడిగి ఉంటే చెప్పేసేదే. ఆ సంగతి ఆమెకి అక్కడ, ఆ కుర్చీలోనే తెలిసింది.

"ఆయనకి ఎవరూ లేరయ్యా," అంది. "పలావు కోసం వస్తాడు. తిని వెళ్ళిపోతాడు."

ఇక్కడికి వచ్చినట్టు భర్తకైనా చెప్పకూడదని, మళ్ళీ పిలుస్తామని చెప్పి పంపేశారు. బయట మంచు పడుతోంది. రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడి, తన వంతు వచ్చాక ఏం కావాలో చెప్పలేకపోయింది. వెనకావిడ విసుక్కుంటే తేరుకుంది.

ఇంటికొచ్చి కొట్టంలో ఆవు దగ్గర కూర్చుంది. ఆమ్నున్ పని నుంచి రాగానే కేకేసింది. "ఒరేయ్, ఇటు రా. గడ్డి దించిపెట్టు."

వాడు వచ్చాడు. ఆమె తలుపు దగ్గరికి వేసింది.

"ఏంటి వదినా?"

"ఒక్కసారి షీలో అను."

"ఇప్పుడా? ఏంటీ ఆటలు?"

"అనరా."

వాడు ఆమె ముఖం చూశాడు. నవ్వు పోయింది.

"ఇవాళ నన్ను పిలిచారు," అంది బులోర్. "సీలో ఎవరని అడిగారు."

ఆమ్నున్ గోడకి ఆనుకుని అట్లాగే కిందికి జారి గడ్డిలో కూర్చుండిపోయాడు. గడ్డి పరకలు తుంచుతూ చెప్పాడు. ఎండాకాలంలో, పందిరి కింద మంత్రాలు చదివి రహస్యంగా చేసిన ఒక పెళ్ళి ఫొటో తీశాడట. ఆ ఫొటో వాళ్ళ స్టూడియో మేనేజరు చేతిలో పడి, అక్కణ్ణుంచి పోలీసులకి చేరింది. 'ఇందులో ఉన్నవాళ్ళందర్నీ పిలిపించమంటావా, నువ్వొక్కడివే అప్పుడప్పుడు వచ్చి మాట్లాడిపోతావా?' అన్నారట.

"పేర్లు చెప్పలేదు వదినా. ఒట్టు. పేర్లు వాళ్ళకి ముందే తెలుసు. వట్టి మాటలు చెప్పాను. యాకోబు మాటలు. ముసలాళ్ళ కలలు. వాటితో ఏం చేస్తారులే అనుకున్నా."

"నన్ను పిలిచారురా! నిన్ను ఈ చేతులతో పెంచాను."

"ఇస్తామ్‌కి నెలలు నిండాయి. నన్ను పంపేస్తే..." వాడు మోకాళ్ళలో ముఖం దాచుకున్నాడు.

కొట్టాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. ఆ చెయ్యే వాడి తల మీద పడి, అక్కడే ఉండిపోయింది.

"మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి?"

"రేపు మధ్యాహ్నం."

"అయితే విను. సీలో అంటే మేత."

"ఏంటీ?"

"మేతరా. సీలస్. జాంబయ్ నుంచి రావాలి. నేనట్లా చెప్పాను. నువ్వు రేపు ఇంకోలా చెప్పావో, రేపు సాయంత్రానికి నేనుండను. మీ అన్నయ్యా ఉండడు."

"నేను దేవుడి మాటగా చెప్పేశాను కదా. ఇప్పుడు మేతంటే నమ్ముతారా?"

"సరిగా వినలేదని చెప్పు. తద్దినంలో ముసలాయన ఏదో గొణుగుతుంటే, పక్కన మీ అన్నయ్య ఆవు గొడవ. రెండూ కలిపేసుకున్నానని చెప్పు. నీ నాలిక సంగతి వాళ్ళకి వినిపించు. తిడితే పడు."

మర్నాడు బులోర్ పనికి వెళ్ళింది. మానేస్తే అనుమానం. మధ్యాహ్నం దాటాక కుట్టిన ప్రతి కుట్టూ విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా కోటు ఎక్కడ తగిలించానా అని చూసుకుంది. వాడు ఏం చెబుతాడో ఆమెకి నిజంగా తెలియదు. పసితనంలో దొంగిలించిన పంచదార గురించి వాడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి. ఇప్పుడా చెవుల మీదే అందరి బతుకులూ.

సాయంత్రం వాకిట్లో అడుగుపెట్టేసరికి ఆమ్నున్ నూతి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. పెదవి చిట్లి వాచింది. నీళ్ళు ఎర్రగా పోతున్నాయి.

"ఏం చెప్పావు?"

"మేతన్నాను." ముందు పన్ను ఒకటి లేదు. "మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ మేతే అన్నాను. చెవిటి వెధవ్వి, నత్తి వెధవ్వి, ఎందుకూ పనికిరావు పో అన్నారు."

"కొట్టారా?"

"పన్ను ఎట్లాగూ కదుల్తోందిలే వదినా."

ఇస్తామ్ గదిలోంచి, "ఎవరితో గొడవపడ్డాడో చెప్పడం లేదక్కా, నువ్వన్నా అడుగు!" అని అరిచింది. మంచులో జారిపడ్డాడని బులోర్ చెప్పింది.

మర్నాడు గురువుగారి ఇంటికి ఒక్కతే వెళ్ళి జరిగిందంతా చెప్పింది. జవులున్‌కి మాత్రం చెప్పొద్దని బతిమాలింది. "ఆయన తమ్ముణ్ణి చంపేస్తాడు. లేకపోతే ఆయనే చచ్చిపోతాడు." ముసలాయన పొరలు కమ్మిన కళ్ళు ఆమె వైపు తిప్పారు. చదువు ఆపేద్దామా అని అడిగింది.

"ఆపితే మనకి తెలిసిపోయిందని వాళ్ళకి తెలుస్తుంది," అన్నారు. "అప్పుడు ఇంకెవర్నో పంపుతారు. వాణ్ణి రమ్మను. వాడి చోట వాణ్ణే కూర్చోమను."

ఆదివారం వాడు వచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా కూర్చున్నాడు. ఆ వారం పుస్తకంలో కొత్త కాండం చదవాలి గాని, ఎవరూ మొదలుపెట్టకముందే తెర కదిలింది. బులోర్ గదిలోకి వచ్చి, టీ పాత్ర కింద పెట్టి, లేవకుండా అక్కడే కూర్చుంది. జవులున్ ఆశ్చర్యంగా చూశాడు.

"గురువుగారూ, పోయిన వారం భాగంలో ఒకటి అడగాలి."

"అడగమ్మా."

"చిన్నప్పుడు యోసేపుని బానిసగా అమ్మేసింది అతని అన్నలే, తన కొడుకులేనని యాకోబుకి తెలుసా? చనిపోయేటప్పుడు అందర్నీ మంచం చుట్టూ పిలిచాడు కదా. తెలిసే పిలిచాడా?"

ఆమ్నున్ చేతిలో గిన్నె ఒలికింది. గుర్విట్స్ మాస్టారు తలెత్తి, అంత మంచి ప్రశ్న తనెందుకు అడగలేదా అన్నట్టు చూశాడు.

"పుస్తకంలో ఎక్కడా లేదమ్మా," అన్నారు గురువుగారు. "ఎవరూ చెప్పలేదనే పెద్దల్లో కొందరి మాట. తెలుసునని కొందరు. నేనూ చాలా ఏళ్ళు ఆలోచించాను."

"ఏం తేలింది?"

"ఏం తేలలేదు. అన్నం పెట్టు."

ఆ జనవరిలోనే, సర్కారు పెద్దల్ని మందులతో చంపబోయారంటూ పత్రికల్లో యూదు డాక్టర్ల మీద ఆ రాతలు వచ్చాయి. బజార్లో మా వాళ్ళని చూసి ఉమ్మేవాళ్ళు తయారయ్యారు. మమ్మల్నందర్నీ రైళ్ళెక్కించి ఎటో పంపేస్తారని పుకారు. బులోర్ ఎండు రొట్టె ముక్కలు సంచిలో కట్టి తలుపు పక్కన పెట్టింది. ఆమ్నున్‌కి కొడుకు పుట్టిన కొద్ది రోజులకే వాడు భార్యాబిడ్డల్ని తీసుకుని కట్టాకుర్గాన్ వెళ్ళిపోయాడు. "పెళ్ళాం మాట విని పోయాడు," అని జవులున్ కనిపించిన ప్రతివాడితోనూ చెప్పుకుని బాధపడ్డాడు. బులోర్ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఫిబ్రవరిలో గుర్విట్స్‌ని బడి నుంచే తీసుకుపోయారు.

ఆమ్నున్ వల్ల కాదని బులోర్ తనకి తాను చెప్పుకుంది. వాడు అప్పటికే ఊళ్ళో లేడు. బడిలో ఎవరో చెప్పి ఉంటారు. మూడుసార్లూ మేతే అన్నానన్నాడు కదా. కాని ఆ మూడుసార్ల నడుమ ఇంకేం అడిగారో, ఇంకేం చెప్పాడో ఆమె అడగలేదు. అడగడానికి కట్టాకుర్గాన్ ఎంతో దూరం కాదు. పిల్లవాడికి బట్టలు కుట్టుకుని రెండుసార్లు వెళ్ళింది కూడా. వాడు వదినా వదినా అంటూ చుట్టూ తిరిగాడు. అడగకుండానే తిరిగొచ్చింది.

వసంతంలో దేశాన్నేలే పెద్దాయన చచ్చిపోయాడు. మా పేటలో ఆడవాళ్ళు వీధిలో ఏడ్చి, ఇంట్లోకొచ్చి తలుపేసుకుని ముఖం కడుక్కున్నారు. హిజ్కియో గురువుగారు ఆ ఏడాదే పోయారు, పడుకున్న మంచంలోనే. చాలాకాలం తర్వాత జవులున్ ఇంట్లో నిజమైన తద్దినం జరిగింది.

గుర్విట్స్ మరో రెండేళ్ళకి తిరిగొచ్చాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో నిలబడ్డాడు. జుట్టంతా తెల్లబడింది. కోటు గుండీలు మాత్రం సరిగ్గా పెట్టుకున్నాడు. జవులున్ కావలించుకుని ఏడ్చాడు, కూర్చోబెట్టి తనే గడ్డం గీశాడు. బులోర్ కొత్తిమీర పలావు వండింది. ఆయన నెమ్మదిగా, ఒక్క మెతుకు కింద పడకుండా తిన్నాడు. తేదీల మాట ఎత్తలేదు.

తిన్నాక చేతులు తుడుచుకుంటూ అడిగాడు: "ఆమ్నున్ ఎట్లా ఉన్నాడమ్మా?"

"బాగున్నాడు," అంది బులోర్. "కట్టాకుర్గాన్‌లో. ఇద్దరు పిల్లలు."

"మంచిది. చూడాలని ఉంది."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. తెలిసే అడిగాడో, తెలియక అడిగాడో అక్కడ ఆమెకి కనపడలేదు. వద్దంటున్నా వినకుండా ఇంకో గరిటె వడ్డించింది.